చవక గ్రాఫిక్స్ కార్డులో కోత ఎక్కడ పడింది?

ఎన్విడియా 2017లో జీటీ 1030 పేరుతో ఒక చిన్న కార్డు తెచ్చింది. మరుసటి ఏడాది అదే పేరుతో ఇంకో కార్డు వచ్చింది. రెండింటిలోనూ 2 జీబీ మెమరీయే. కాకపోతే మొదటిదాంట్లో ఉన్నది గ్రాఫిక్స్ కోసమే తయారైన వేగమైన మెమరీ జీడీడీఆర్5, రెండోదాంట్లో ఉన్నది కంప్యూటర్ ర్యామ్‌లో వాడే మామూలు డీడీఆర్4. మొదటి కార్డులో మెమరీకీ చిప్‌కీ మధ్య సెకనుకు 48 జీబీ డేటా కదిలేది. రెండోదాంట్లో అది 17 జీబీ కూడా దాటదు. గేముల్లో వేగం చాలాచోట్ల సగానికి పడిపోయింది. పెట్టె మీది చిన్న అక్షరాలు చదవనివాళ్లకు ఈ సంగతి తెలిసే దారే లేదు.

తక్కువ బడ్జెట్‌లో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకునేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న "ఈ డబ్బుకు ఏ కార్డు బెస్ట్?" అని. యూట్యూబ్‌లో దీనికి బోలెడన్ని జవాబులు దొరుకుతాయి, ధరలు మారగానే అవన్నీ పాతబడతాయి. అంతకంటే ఎక్కువ కాలం పనికొచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది. కార్డును ఈ ధరకు దించడానికి కంపెనీ ఎక్కడ కోత పెట్టింది? ఆ కోత కొనేవాళ్ల పనికి అడ్డం వస్తుందా?

కోత పెట్టడమే మోసం అనుకోనక్కర్లేదు. చిప్‌ల తయారీలో కొన్ని ముక్కలు పూర్తి ఆరోగ్యంతో బయటికి రావు. పాడైన భాగాన్ని ఆపేసి, మిగతాది పనిచేసేలా చేసి, తక్కువ మోడల్ పేరుతో అమ్ముతారు. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060లో వాడిన జీఏ106 చిప్‌లో మొత్తం 3840 కోర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు) ఉంటే ఆ కార్డులో పనిచేసేవి 3584. అదే చిప్‌లో 2560 కోర్లు మాత్రమే ఉంచి 3050 చేశారు. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కోర్లు తగ్గితే వేగం ఆ మేరకు తగ్గుతుంది, అది రివ్యూల్లో కనిపిస్తుంది, ధరలోనూ కనిపిస్తుంది. ఇబ్బందంతా రివ్యూ చార్టుల్లో సరిగ్గా కనిపించని కోతలతోనే.

అంతకంటే ముందు, అసలు కార్డు అవసరమా అన్నది తేల్చుకోవాలి. ట్యాలీ, ఆన్‌లైన్ క్లాసులు, కోడింగ్, ఫోర్‌కే యూట్యూబ్ లాంటి పనులకు ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్సే చాలు. రైజెన్ 5 5600జీ, 8600జీ లాంటి ప్రాసెసర్లు ఫుల్ హెచ్‌డీలో తేలికపాటి గేములు కూడా నడిపిస్తాయి. వాలరెంట్ గేమ్ వచ్చిన కొత్తలో దాన్ని తయారుచేసిన రయట్ కంపెనీ 30, 60, 144 ఎఫ్‌పీఎస్‌లకు (సెకనుకు తెర మీద మారే ఫ్రేములు) వేర్వేరు లెక్కలు ఇచ్చింది. 60 ఎఫ్‌పీఎస్‌కు జీటీ 730, 144 దాటడానికి జీటీఎక్స్ 1050 టీఐ చాలన్నారు. ఆ గేమ్ ఒక్కటే ఆడేవాళ్లు ముప్పై వేల కార్డు కొంటే దానికి పెద్దగా పని ఉండదు. అలాంటి గేముల్లో వేగాన్ని తేల్చేది ప్రాసెసరే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, కంప్యూటర్ ర్యామ్‌నే వాడుకుంటుంది. ర్యామ్ ఒకే స్టిక్‌గా వేస్తే డేటా వెళ్లే దారి సగమైపోతుంది, గేమ్ వేగం గట్టిగా దెబ్బతింటుంది. చాలా కొటేషన్లలో "8 జీబీ ర్యామ్ ఒకటి, తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు" అని రాస్తుంటారు. కార్డు లేని కంప్యూటర్‌కు ఈ వాయిదా పనికిరాదు. 16 జీబీ వేయిస్తే 8, 8గా రెండు స్టిక్కులు వేయించాలి.

దీనికి బదులుగా "4 జీబీ గ్రాఫిక్స్ కార్డు కూడా వేసి ఇస్తాం" అంటూ జీటీ 710, జీటీ 730 కలిపే షాపులు ఇప్పటికీ ఉన్నాయి. జీటీ 710 వచ్చింది 2014లో. వీటిలో ఎక్కువ భాగం కెప్లర్ తరం చిప్‌లే. ఆ తరానికి కొత్త గేమ్ డ్రైవర్లు ఇవ్వడం ఎన్విడియా 2021లోనే ఆపేసింది. డీడీఆర్3 మెమరీ 4 జీబీ వేసినంత మాత్రాన ఆ చిప్‌కు దాన్ని వాడుకునే శక్తి రాదు. 5600జీలోని గ్రాఫిక్స్ దీనికంటే ఎంతో మెరుగు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేనివాళ్లకు, అంటే పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ఐ3 12100ఎఫ్ లాంటివి కొన్నవాళ్లకు, తెర వెలగడానికి మాత్రం ఇలాంటి కార్డు పనికొస్తుంది. అంతకుమించి ఏమీ ఆశించకూడదు.

ఇక నిజంగా గేములాడేవాళ్ల సంగతి. ఈ ధరల్లో కంపెనీలు మొదట చెయ్యి పెట్టేది మెమరీ మీదే. ఆర్‌టీఎక్స్ 4060 టీఐ 2023 మే నెలలో 8 జీబీతో 399 డాలర్లకు వచ్చింది, జూలైలో 16 జీబీతో 499 డాలర్లకు వచ్చింది. చిప్ ఒకటే, కోర్లు అన్నే, మెమరీ వేగమూ అంతే. తేడా 8 జీబీ మెమరీ ఒక్కటే కాబట్టి మెమరీ చాలకపోతే ఏమవుతుందో చూడటానికి ఇంతకంటే శుభ్రమైన పోలిక దొరకదు. మెమరీ సరిపోయే గేముల్లో రెండూ ఒకేలా నడుస్తాయి. సరిపోని చోట 8 జీబీ కార్డు మిగిలిన డేటాను కంప్యూటర్ ర్యామ్‌లో పెట్టుకుని, కావాల్సినప్పుడల్లా మదర్‌బోర్డు స్లాట్ గుండా తెచ్చుకుంటుంది. ఆ దారి కార్డు సొంత మెమరీ కంటే ఎన్నో రెట్లు నెమ్మది. గేమ్ ఒక్కసారిగా బిగుసుకుపోయి మళ్లీ కదులుతుంది. కొన్ని గేములు ఇంకోలా సర్దుకుంటాయి. ఎఫ్‌పీఎస్ తగ్గకుండా చూసుకుని, గోడలు, బట్టలు, మొహాల మీది టెక్స్చర్లను మసకగా చూపిస్తాయి. చార్టులో అంకె బాగానే ఉంటుంది, తెర మీద బొమ్మే బాగోదు. సగటు ఎఫ్‌పీఎస్ మాత్రమే చూపించే రివ్యూలను నమ్మి కొంటే దెబ్బ తగిలేది ఇక్కడే.

ఇన్నాళ్లు సరిపోయిన 8 జీబీ ఇప్పుడెందుకు చాలడం లేదంటే, గేములు తయారయ్యేది ముందు కన్సోళ్ల కొలతలకు. పీఎస్4లో మొత్తం మెమరీ 8 జీబీ. 2020లో వచ్చిన పీఎస్5లో, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో అది 16 జీబీ. పాత కన్సోళ్లకు కూడా గేములు విడుదల చేసినంతకాలం పీసీ కార్డుకు 8 జీబీ సరిపోయింది. ఆ అవసరం తీరిపోయాక గేముల మెమరీ వాడకం పెరుగుతూ వచ్చింది.

అలాగని 8 జీబీ కార్డులన్నీ దండగ అనడం కూడా తొందరపాటే. ఫుల్ హెచ్‌డీ మానిటర్, మీడియం సెట్టింగులు, సీఎస్2, వాలరెంట్, జీటీఏ 5, క్రికెట్, ఫుట్‌బాల్ గేములు అంటే 8 జీబీతో హాయిగా గడిచిపోతుంది. పేచీ అంతా కొత్త పెద్ద గేములు అల్ట్రాలో ఆడాలనుకునేవాళ్లతో, ఒకసారి కొని ఐదేళ్లు వాడాలనుకునేవాళ్లతో. మన దగ్గర ఈ రెండో రకమే ఎక్కువ. ప్రతి రెండేళ్లకూ కార్డు మార్చే అలవాటున్న దేశాల్లో చెప్పే సలహాను అలాగే ఇక్కడికి తెచ్చుకుంటే లెక్క తప్పుతుంది. ఐదేళ్ల వాడకానికి కొంచెం తక్కువ వేగం, ఎక్కువ మెమరీ ఉన్న కార్డే మేలు. ఎఫ్‌పీఎస్ తగ్గితే సెట్టింగులు దించుకుని సర్దుకోవచ్చు. మెమరీ చాలకపోతే ఆట ఆటలా ఉండదు.

2025లో వచ్చిన కార్డుల్లో ఈ తేడా ఖరీదు ఎంతో చూడవచ్చు. ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీకి కంపెనీ ప్రకటించిన ధర 8 జీబీకి 299 డాలర్లు, 16 జీబీకి 349. ఆర్‌టీఎక్స్ 5060 టీఐకి 379, 429. ఎటు చూసినా తేడా 50 డాలర్లు. డాలరుకు 85 రూపాయలు వేసి, 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 5,000 రూపాయలు. అమెరికా ధరల్లో పన్ను కలిపి ఉండదు కాబట్టి 299 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5060 కూడా ఈ లెక్కన 30,000 దగ్గరికి వస్తుంది. షాపులో ఈ అంకెలు అచ్చం ఇలాగే ఉంటాయని కాదు. 2025 చివరి నెలల్లో ఏఐ సర్వర్ల గిరాకీ వల్ల మెమరీ చిప్‌ల ధరలు ఎగబాకాయి. మెమరీ ఎక్కువున్న కార్డుకే ఆ భారం ఎక్కువ. 5,000 తేడా కాస్తా 10,000 అయితే 16 జీబీ గురించి మళ్లీ ఆలోచించుకోవాలి. 5,000 దగ్గరే ఉంటే ఆలోచించాల్సిన పనే లేదు.

ఇంటెల్ ఈ ఖాళీని పట్టుకుంది. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఆర్క్ బీ580కి కంపెనీ ప్రకటించిన ధర 249 డాలర్లు, మెమరీ 12 జీబీ. అప్పట్లో కాగితం మీద అది చాలా మంచి బేరం. దీనిలోని లోటు కార్డు లోపల కనిపించదు, డ్రైవర్‌లో ఉంది. కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్‌కు ఒకేసారి అందుబాటులో ఉంచే రీసైజబుల్ బార్ అనే సదుపాయం మదర్‌బోర్డులో ఉండి, బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఆన్ చేసి ఉంటేనే ఆర్క్ కార్డులు సరిగా పనిచేస్తాయి. పైగా 2025 జనవరిలో జరిగిన పరీక్షల్లో ఇంకో సంగతి బయటపడింది. పాత, చవక ప్రాసెసర్లతో జతచేస్తే బీ580 కొన్ని గేముల్లో బాగా వెనకబడింది, ఎందుకంటే దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ బరువు వేస్తుంది. చవక కార్డు కొనేది చవక ప్రాసెసర్ ఉన్నవాళ్లే కదా! కొత్త ప్రాసెసర్‌తో కొత్త కంప్యూటర్ కట్టించుకునేవాళ్లకు బీ580 మంచి ఎంపిక. ఐదారేళ్ల పాత కంప్యూటర్‌లో వేసుకోవడానికి అది కాదు.

మెమరీ ఎన్ని జీబీలన్నది సగం కథే. ఎంత పెద్ద ట్యాంకు కట్టినా పైపు సన్నగా ఉంటే కుళాయిలో ధార రాదు. కార్డులో ఆ పైపు మెమరీ బస్. ఆర్‌టీఎక్స్ 3060 మొదట 12 జీబీతో వచ్చినప్పుడు దాని బస్ 192 బిట్, సెకనుకు 360 జీబీ డేటా కదిలేది. 2022 చివర్లో అదే పేరుతో 8 జీబీ రకం వచ్చింది. దానికి బస్ 128 బిట్, వేగం 240 జీబీ. జీబీలు మాత్రమే తగ్గాయనుకుని కొన్నవాళ్లకు తెలియకుండా పైపులోనూ మూడో వంతు కోసేశారు. 3050లోనూ ఇదే తంతు. 2022 నాటి 8 జీబీ రకానికి 2560 కోర్లు, 128 బిట్ బస్. 2024లో వచ్చిన 6 జీబీ రకానికి 2304 కోర్లు, 96 బిట్. పేరు రెండింటికీ 3050యే. అయితే బిట్లు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. ఆర్‌టీఎక్స్ 4060కి బస్ 128 బిట్లే అయినా చిప్‌లో 24 ఎంబీ క్యాష్ (చిప్ లోపలే ఉండే చిన్న, బాగా వేగమైన మెమరీ) పెట్టారు. 3060లో అది 3 ఎంబీ మాత్రమే. అందుకే 8 జీబీ సరిపోయే గేముల్లో 4060 ముందుంటుంది. ఒకే తరం కార్డుల మధ్య పోలికకు బిట్లు బాగా పనికొస్తాయి, తరం మారితే అంతగా పనికిరావు.

కార్డుకూ మదర్‌బోర్డుకూ మధ్య ఉన్న దారిలో పెట్టే కోత ఇంకా లోతైనది. దీనికి చెప్పుకోవాల్సిన కార్డు ఏఎండీ 2022 జనవరిలో తెచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ. స్లాట్ పొడవు 16 లేన్లకు (డేటా నడిచే వరసలకు) సరిపడా ఉన్నా ఈ కార్డు వాడుకునేది 4 లేన్లే. ఆ స్లాట్ ప్రమాణం పేరు పీసీఐఈ. పీసీఐఈ 4.0 బోర్డులో ఎలాగో నెట్టుకొస్తుంది. 3.0 బోర్డులో ఆ దారి మళ్లీ సగమవుతుంది. అసలే 4 జీబీ మెమరీ, అది నిండగానే వాడాల్సింది ఈ సన్నటి దారినే. పాత కంప్యూటర్‌కు కొత్త ఊపిరి పోద్దామని ఈ కార్డు కొన్నవాళ్లే ఎక్కువ నష్టపోయారు. వీడియో రికార్డింగ్‌కు కావాల్సిన ఎన్‌కోడర్ కూడా ఇందులో తీసేశారు. గేమ్‌ప్లే రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టే కుర్రాళ్లకు ఇది ఏ ధరకూ పనికిరాదు.

కొత్త బోర్డు కొన్నాం కదా అని ధీమాగా ఉండటానికీ లేదు. బీ550 బోర్డులో పీసీఐఈ 4.0 ఉన్నా అందులో రైజెన్ 5 5500 గానీ 5600జీ గానీ వేస్తే కార్డుకు దక్కేది 3.0 వేగమే, ఎందుకంటే ఆ పరిమితి ప్రాసెసర్‌లో ఉంది. అదే ధరకు కాస్త అటూ ఇటూగా దొరికే 5600లో 4.0 ఉంటుంది. కార్డు తర్వాత కొందాం, ముందు 8500జీతో కానిద్దాం అనుకునేవాళ్లు ఇంకోటి గమనించాలి. ఆ ప్రాసెసర్ కార్డుకు ఇచ్చేవి 4 లేన్లే. 8600జీ అయితే 8. ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 లాంటి 8 లేన్ల కార్డులు 3.0 బోర్డులో కొంచెమే నష్టపోతాయి, మెమరీ నిండితే మాత్రం ఆ నష్టం పెరుగుతుంది.

గేములు కాకుండా పనికోసం కొనేవాళ్లకు ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లనే తీసుకుందాం. ఇవాళ మన ఊళ్లలో పెళ్లిళ్లకు వాడే మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావరకు రంగుల వివరం ఎక్కువుండే 10 బిట్ 4:2:2 రకం వీడియో తీస్తాయి. రంగులు దిద్దుకోవడానికి అది మంచిదే, కానీ 4060తో సహా అంతకుముందు తరాల ఎన్విడియా కార్డులు ఆ రకం వీడియోను హార్డ్‌వేర్‌లో విప్పలేవు. టైమ్‌లైన్ మీద క్లిప్ జరుపుతుంటే అది నత్తనడక నడుస్తుంది, తప్పు ర్యామ్‌దనుకుని ర్యామ్ పెంచుతారు. 11వ తరం నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్ హెచ్‌ఈవీసీ అనే వీడియో ఫార్మాట్‌లో తీసిన 4:2:2ని విప్పుతాయి. ఎన్విడియా ఆ సదుపాయాన్ని ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లోనే తెచ్చింది, పాత ఫార్మాట్ హెచ్.264లో తీసిన దానికి కూడా. అంటే ఎడిటింగ్ కోసం కంప్యూటర్ కట్టించుకుంటూ రెండు వేలు మిగులుతాయని ఎఫ్ ప్రాసెసర్ తీసుకుని, దానికి తోడు పాత తరం కార్డు వేయించడం అన్నిటికంటే చెడ్డ బేరం. ఎఫ్ లేని ఐ5 ఒక్కటే, కార్డు లేకుండానే, హెచ్‌ఈవీసీ 4:2:2 వీడియోలతో దానికంటే సాఫీగా నడుస్తుంది.

మెషీన్ లెర్నింగ్ నేర్చుకునే ఇంజినీరింగ్ విద్యార్థులకు ఎన్విడియా తప్ప వేరే దారి పెద్దగా లేదు. కాలేజీ ల్యాబుల్లో నేర్పేది, గిట్‌హబ్‌లో దొరికే కోడ్ ఎక్కువగా నడిచేది క్యూడా (CUDA) మీదే. అది ఎన్విడియా సొంత సాఫ్ట్‌వేర్. వాళ్లకు వేగం కంటే మెమరీ ముఖ్యం. 700 కోట్ల పారామీటర్ల భాషా మోడల్‌ను 4 బిట్లకు కుదించినా దాని బరువే మూడున్నర జీబీ, పైన పని చేసుకోవడానికి ఇంకొంత కావాలి. అందుకే పాతదైనా 12 జీబీ 3060కి ఈ వర్గంలో ఇంకా గిరాకీ తగ్గలేదు. మొదటి ఏడాది నేర్చుకోవడానికైతే గూగుల్ కొల్యాబ్, కాగిల్ ఉచితంగా ఇచ్చే జీపీయూలు (గ్రాఫిక్స్ చిప్‌లు) చాలు. ఆ ముప్పై వేలు అప్పుడే ఖర్చుపెట్టాల్సిన అవసరం లేదు.

కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ సంగతి త్వరగా ముగించవచ్చు, ఎందుకంటే ఇందులో వాదనకు తావు లేదు. స్లాట్ నుంచి కార్డుకు అందేది 75 వాట్లు. 6 పిన్ల కనెక్టర్ మరో 75, 8 పిన్లది 150 ఇస్తుంది. 4060 వాడేది 115 వాట్లు, 5060 వాడేది 145, బీ580 వాడేది 190. క్యాబినెట్‌తో పాటు వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 అని రాసి ఉన్నా దాన్ని నమ్మి ఇవేవీ తగిలించకూడదు. పేరున్న కంపెనీ 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కు డబ్బు చాలకపోతే కార్డులో ఒక మెట్టు దిగాలి. ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో ఎస్‌ఎంపీఎస్ మార్చడం చాలావరకు కుదరదు. వాటికోసమే అన్నట్టు 70 వాట్ల 3050 6 జీబీ ఉంది. విడిగా కరెంటు కనెక్టర్ అక్కర్లేదు, సన్నటి క్యాబినెట్‌లో పట్టే రకాలు కూడా దొరుకుతాయి. పైన దాని కోతల గురించి అంత చెప్పుకున్నా ఈ ఒక్క చోట దానికి పోటీ తక్కువ.

సెకండ్‌హ్యాండ్ మార్కెట్ సరిగ్గా వాడుకుంటే బడ్జెట్‌కు అసలైన మిత్రుడు. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం అనే క్రిప్టోకరెన్సీ తన పద్ధతి మార్చుకోవడంతో దాని మైనింగ్‌కు గ్రాఫిక్స్ కార్డుల అవసరం పోయింది, వాడిన కార్డులు మార్కెట్‌ను ముంచెత్తాయి. మైనింగ్‌లో నడిచిందన్నంత మాత్రాన కార్డు పనికిరాదని కాదు. ఎక్కువగా అరిగేవి ఫ్యాన్లు, ఎండిపోయేవి థర్మల్ ప్యాడ్లు. వాటిని మార్చుకోవచ్చు. అంతకంటే జాగ్రత్త పడాల్సింది రెండు విషయాల్లో. ఒకటి, ఆర్‌ఎక్స్ 580 పేరుతో తిరిగే 2048ఎస్‌పీ రకం. అసలు 580లో ఉండేవి 2304 ప్రాసెసింగ్ యూనిట్లు, ఇందులో 2048 మాత్రమే. రెండు, వయసు. జీటీఎక్స్ 900, 10 సిరీస్‌లకు కొత్త గేమ్ డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి. ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్, డూమ్ ద డార్క్ ఏజెస్ లాంటి గేములు రే ట్రేసింగ్ (వెలుగునీడల లెక్క) హార్డ్‌వేర్ లేని కార్డులను లెక్కలోకే తీసుకోవు. ఒకప్పటి రారాజు 1080 టీఐలో 11 జీబీ మెమరీ ఉన్నా అక్కడ దానికి చోటు లేదు. బిల్లు, మిగిలిన వారంటీ ఉన్న ఆర్‌ఎక్స్ 6600 లేదా 3060 12 జీబీ దొరికితే, పాత గేముల కోసమే అయినా 10 సిరీస్ జోలికి పోనక్కర్లేదు.

సికింద్రాబాద్ సీటీసీలో అయినా, చెన్నై రిచీ స్ట్రీట్‌లో అయినా, ఆన్‌లైన్‌లో అయినా కొటేషన్‌లో "3050 కార్డు" అని కాకుండా కంపెనీ, మెమరీ ఎంత, ఏ రకం, మోడల్ నంబర్ అన్నీ రాయించుకోవాలి. అదే నంబర్ బిల్లులోనూ ఉండాలి, రేపు వారంటీకి వెళ్తే అడిగేది దాన్నే. కార్డు ఇంటికి తెచ్చిన రోజునే జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి బస్ ఎన్ని బిట్లు, కోర్లు ఎన్ని, లేన్లు ఎన్ని అన్నది కొటేషన్‌తో సరిచూసుకోవాలి. లేన్ల వేగం మాత్రం కార్డు ఖాళీగా ఉన్నప్పుడు 1.1 అని చూపిస్తే కంగారు పడొద్దు. కరెంటు ఆదా కోసం అది తనంతట తానే తగ్గించుకుంటుంది. పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి రెండర్ టెస్ట్ నడిపించినప్పుడు కూడా అంకె పెరగకపోతేనే బయోస్ సెట్టింగో, ప్రాసెసరో, లేదా స్లాట్‌లో సరిగా కూర్చోని కార్డో కారణమై ఉంటుంది.